ఇసుక బస్తాలోకి మూడుసార్లు

రంగు గోళీని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్కసారి దొర్లిస్తే చాలు, అది పనికొస్తుందో లేదో మా అక్క చెప్పేస్తుంది. కళ్లతో చూడదు. నాతో మాట్లాడుతూనే ఉంటుంది, చాయ్ తాగుతూనే ఉంటుంది, వేళ్లు మాత్రం వాటి పని అవి చేసుకుపోతుంటాయి. మంచివి కుడివైపు డబ్బాలోకి, ఉబ్బినవీ సొట్టపడినవీ ఎడమవైపు తట్టలోకి. ఒకసారి నేను పంతానికి పోయి, ఆమె ఎడమవైపు వేసినవాటిలోంచి ఒక పిడికెడు తీసి, మార్కర్ గొట్టంలో ఒక్కొక్కటీ వేసి చూశాను. ఒక్కటీ సాఫీగా జారలేదు. "సూసుకున్నవా? ఇగ మనసు నిమ్మళమైందా?" అని నవ్వింది. నిమ్మళం కాలేదు. నిజం చెప్పాలంటే కుళ్లు పుట్టింది.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. నిజామాబాద్‌లో మా గల్లీలోనే, మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉంటుంది. పెళ్లయి వచ్చిన నాటినుంచి బీడీలు చుట్టింది. పొగాకు ఘాటుకు దగ్గు ముదిరి, ఇక ఆ బీడీల చాట ముట్టవద్దని డాక్టరు గట్టిగా చెప్పాక మానేసింది. ఇప్పుడు నా పెయింట్‌బాల్ గ్రౌండులో మార్కర్ల బాధ్యత మొత్తం ఆమెదే.

ఈ ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మార్కర్ అనేది చూడటానికి తుపాకీలా ఉండే సాధనం. దాని వెనక గాలి నింపిన చిన్న సిలిండర్, పైన గోళీల డబ్బా, ముందు పొడుగాటి గొట్టం. గోళీలో మందుగుండు ఏమీ ఉండదు, మందు మాత్రల పైతొడుగు లాంటి పలచటి తొడుగులో రంగునీళ్లు ఉంటాయి. ట్రిగ్గర్ నొక్కితే గాలి గోళీని తోస్తుంది, అది అవతలివాడి జాకెట్ మీద పడి పగిలి రంగు అంటుకుంటుంది, వాడు ఆటలోంచి బయటికి పోతాడు. తొడ మీద తగిలితే రెండు రోజులు కమిలి ఉంటుంది. కంటికి తగిలితే మాత్రం కన్ను పోతుంది. అందుకే మాస్కు లేకుండా గ్రౌండు చుట్టూ గీసిన గీత దాటి ఎవరూ లోపలికి రాకూడదు.

మా గ్రౌండు బోధన్ రోడ్డు మీద, ఎడపల్లికి ఇవతల. ఒకప్పుడు అదంతా చెరకు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చుట్టుపక్కల రైతులు వరికి మళ్లారు. నాకు దొరికిన ముక్కకు మాత్రం నీళ్లందక పడావుగా పడి ఉంది. అందులో ఒక మూల చెరకు బండ్లను తూచే కాటా గది, మందపాటి గోడలతో ఇప్పటికీ చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. దాన్నే మార్కర్ల గది చేసుకున్నాను. దాక్కోవడానికి పాత టైర్లు, ఒక విరిగిన ట్రాక్టర్ ట్రాలీ, గంజ్ మార్కెట్ నుంచి తెచ్చిన ఖాళీ పసుపుకొమ్ముల బస్తాల్లో ఇసుక నింపి పేర్చిన గోడలు. కొత్తలో ఆ బస్తాలకు గోళీ తగిలినప్పుడల్లా రంగుతోపాటు పసుపు కూడా లేచేది. ఆడడానికి వచ్చినవాళ్లు తుమ్ముకుంటూ ఆడేవారు.

మొదలుపెట్టిన రోజుల్లో ఊరి పెద్దలు నలుగురు వచ్చి గ్రౌండంతా తిరిగి చూశారు. తుపాకుల ఆట ఏమిటి, మా ఊరి పక్కన ఏమిటి అని వాళ్ల బాధ. నేను మార్కర్ విప్పి చూపించాను, గోళీని చేత్తో చిదిపి రంగు చూపించాను. అంతా విని వాళ్లలో పెద్దాయన ఒకే ఒక్క మాట అన్నాడు. "మంచిగ నడుపుకో బిడ్డా. గని ఒక్కల కంటికి దెబ్బ తాకిందని ఇన్ననా, ఆ రోజే గేటుకు తాళం." ఆయన బెదిరించడానికి అనలేదు. ఉన్న విషయం చెప్పాడు. అంతకుముందు పన్నెండేళ్లు నడిపిన మొబైల్ రిపేరు షాపు మూసేసి ఇందులోకి దిగాను నేను. ఈ గేటుకు తాళం పడితే తిరిగి పోవడానికి నాకు షాపు లేదు. గేటు సంగతి తర్వాత, ఎవరో కన్న బిడ్డ కన్ను నా వల్ల పోయిందనే మాట మోసుకుంటూ ఎలా బతకాలి? ఆ భయం ఆ రోజు నుంచి నా వీపు మీద కూర్చుంది.

భయం ఉన్నవాడు జాగ్రత్తగా ఉంటాడనుకుంటారు. నా విషయంలో అలా జరగలేదు. నాకు కోపం ఎక్కువ, తొందర అంతకన్నా ఎక్కువ. పైగా ఫోన్లు విప్పి బిగించిన చేతులాయె, చీమ తలంత స్క్రూలు చూసినవాణ్ణి, ఈ గొట్టాలు నాకో లెక్కా అనుకునేవాణ్ణి. మొదటి నెలలోనే రెండు స్ప్రింగులు గడ్డిలో పోగొట్టాను.

మా అమ్మే అక్కను పంపింది. "కూసున్న కాడ చేతులు ఊరుకోయి ఆమెకు. ఖాళీగుంటే పిచ్చి లేస్తది. ఏదన్న పని జెప్పు," అంది. మాస్కులు కడగడానికి పనికొస్తుందిలే అనుకుని సరే అన్నాను. ఆ అనుకోవడం తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మొదటి రోజు అక్క కాటా గది గుమ్మంలో నిలబడి, గోడకు తగిలించిన మార్కర్లను చూసి లోపలికి రానంది.

"గన్నులైతే నేను ముట్ట తమ్మీ."

"గన్ను గాదక్కా, మార్కర్. గాలితోని నడుస్తది."

"గాలితోనా? సైకిల్ పంపు లెక్కనా?"

"ఆ, గట్లనే అనుకో."

"గట్లైతే మిషిన్ అను. గన్ను గిన్ను అనకు నా ముందట," అని లోపలికి వచ్చింది. ఆ రోజు నుంచి మా గ్రౌండులో అవి మిషిన్లే. డిచ్‌పల్లి యూనివర్సిటీ నుంచి వచ్చే పిల్లలు కూడా "అక్కా, నా మిషిన్ జాం అయింది" అంటారు.

రెండో రోజు ఇంటి నుంచి తన పాత బీడీల చాట తెచ్చుకుంది. గచ్చు మీద కాళ్లు చాపి కూర్చుని, చాట ఒళ్లో పెట్టుకుని, నన్ను ఎదురుగా కూర్చోబెట్టి మార్కర్ విప్పమంది. నేను విప్పిన ఒక్కో ముక్కనూ తీసుకుని చాటలో ఎడమ నుంచి కుడికి పేర్చింది. బీడీలు చుట్టేటప్పుడు ఆకు ఎక్కడ, తంబాకు ఎక్కడ, దారం ఎక్కడ, కత్తెర ఎక్కడ అని చూడకుండానే చెయ్యి పోతుంది కదా, అలా అన్నమాట. బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకు ఒక్కొక్కటే అందించింది. చాట ఖాళీ అయ్యేసరికి మార్కర్ తయారు. ఇంత తేలిక ఉపాయం పన్నెండేళ్లలో నాకెందుకు తట్టలేదో తెలియదు. ఆ తర్వాత మా గ్రౌండులో ఒక్క స్ప్రింగు కూడా పోలేదు.

అయితే ఆమె తప్పులు చెయ్యలేదని కాదు. మొదటి ఎండాకాలం ఒక తప్పు చేసింది, బీడీలు చుట్టిన మనిషి మాత్రమే చెయ్యగల తప్పు. మా దగ్గర మే నెల ఎండ సంగతి చెప్పక్కర్లేదు, ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. బీడీలు చుట్టే తునికాకు ఆ ఎండకు పెళుసుబారి కత్తెర పెట్టగానే విరుగుతుంది. అందుకని బీడీల ఇళ్లలో ఆకును నీళ్లలో తడిపి, తడి గోనెలో చుట్టి పెడతారు. అక్క మా గోళీల సంచులు చూసింది. ఈ పలచటి తోలు ఈ ఎండకు పగలకుండా ఉంటుందా అని ఆమెకు బెంగ పట్టుకుంది. నాకు చెప్పకుండా, సాయంత్రం ఇంటికి పోయే ముందు, సంచులన్నీ విప్పి గోళీలను తడి గోనెల్లో పోసి, పసిపిల్లను చుట్టినట్టు చుట్టి పెట్టి పోయింది.

పొద్దున వచ్చి గోనె విప్పితే గోళీలు లేవు, ముద్ద ఉంది. తొడుగులు నీళ్లు పీల్చుకుని ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుని, నీలం ఎరుపు పచ్చా అన్నీ కలిసి చేతికి జిగటగా తగిలాయి. ఆ రోజు రెండు బృందాలు వస్తామన్నాయి. నేను ఎంత అరిచానో రోడ్డు మీద పోయే ఆటోవాళ్లు ఆగి చూశారంటే మీరే ఊహించుకోండి. అక్క ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. నేను అరిచి అలసిపోయేదాకా ఆగి, ఆ ముద్దలోంచి ఒక గోళీ తీసి వేళ్ల మధ్య దొర్లిస్తూ అడిగింది.

"మరి దీనికి ఏం పడ్తది తమ్మీ? నీళ్లు పడయి. ఎండ పడదు. సలి?"

"సలీ పడదు. ఫ్రిజ్‌ల పెడితే పెళుసైతది, గొట్టంలనే పల్గుతది. పొడిగ, నీడకుండాలె. ఒక్క దిక్కే పండితే సొట్టవడ్తది, సంచి తిప్పుకుంట ఉండాలె."

"మొదలే గిది జెప్తే నీ సొమ్మేం పోయేది?" అంది. నిజమే. ఎవరూ చెప్పలేదు ఆమెకు. మాస్కులు కడిగే మనిషికి గోళీల సంగతి ఎందుకని నేనే చెప్పలేదు.

ఆ ఉబ్బిన గోళీలు వృథా పోలేదని మాత్రం చెప్పాలి. రోజంతా వాటినీ, మంచివాటినీ పక్కపక్కన పెట్టుకుని దొర్లిస్తూ కూర్చుంది. ఎంత ఉబ్బితే వేలికి ఎలా తెలుస్తుందో ఆ రోజు నేర్చుకుంది. పాతికేళ్లపాటు బీడీలో పొగాకు ఎక్కువైందా తక్కువైందా అన్నది వేళ్లతోనే పట్టుకున్న మనిషికి అది ఎంత పని? కంపెనీ తరఫున బీడీలు తీసుకునే టేకేదారు దగ్గరికి పట్టుకుపోతే అతను కట్టలు విప్పి, బాగాలేవంటూ మంచివి కూడా చిదిమి పడేసేవాడట. "ఆయన సూడకుంట పడేసేటోడు. నేను సూసి పడేస్త," అంది ఒకసారి, ఎడమ తట్ట వైపు చూపిస్తూ. ఆ మాటలో కాస్త గర్వం ఉంది. ఉండాలి కూడా.

నా తప్పు ఇంకా ఘనమైనది. ఒక వానాకాలం మార్కర్లకు తుప్పు పడుతుందేమోనని, బైకులకు వాడే తుప్పు స్ప్రే తెచ్చి అన్నిటి లోపలా కసిదీరా కొట్టాను. మెరిసిపోయాయి. అక్క ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "గిది కిరసనాయిల్ జాతిది లెక్కున్నది. రబ్బరు వాషర్లకు పడ్తదా?" అంది. "నీకేం తెలుసు" అన్నాను. రెండు వారాలకు ఆమెకు తెలిసిందేమిటో నాకూ తెలిసింది. లోపలి రబ్బరు రింగులు ఉబ్బి, మెత్తబడి, నాలుగు మిషిన్లు సిలిండర్ తగిలించగానే సుయ్ మంటూ గాలి వదలడం మొదలుపెట్టాయి. గ్యాస్ పొయ్యికి సిలిండర్ బిగించినవాడు సబ్బు నురగ పెట్టి చూస్తాడు కదా, అక్క అలా నురగ పెట్టి ఎక్కడెక్కడ బుడగలొస్తున్నాయో ఒక్కొక్కటీ చూపించింది. అరవలేదు. నన్నో చూపు చూసింది, అంతే. ఆ సాయంత్రమే గది తాళంచెవి ఆమె చేతిలో పెట్టేశాను. ఇప్పుడు మార్కర్లకు తయారు చేసినవాళ్లు చెప్పిన నూనె తప్ప ఇంకోటి ఆ గది గుమ్మం దాటదు. అది కూడా లోపలికి రెండు చుక్కలే.

ఆట అయిపోయాక ఆమె పని చూడటం నాకిష్టం. అందరూ మాస్కులతోనే ఉండాలి, అది మొదటి మాట. గొట్టం మూతికి, పొరపాటున పేలినా గోళీని ఆపే గుడ్డ టోపీ తొడుగుతుంది, దాని సాగే దారాన్ని లాగి చూస్తుంది. వదులైందనిపిస్తే ఆ టోపీ ఇక చెత్తబుట్టకే. గోళీల డబ్బా తీసి మిగిలినవి వంపేస్తుంది. సిలిండర్ మెల్లగా తిప్పి విప్పుతుంది. మనం అక్కడితో అయిపోయిందనుకుంటాం. అక్క అనుకోదు. గది బయట మూలకు ఒక ఇసుక బస్తా ఉంది. మిషిన్‌ను దాని ముందుకు తీసుకుపోయి, టోపీ తీసి, బస్తాలోకి గురిపెట్టి మూడుసార్లు ట్రిగ్గర్ నొక్కుతుంది. సిలిండర్ తీసినా లోపల గాలి ఉండిపోవచ్చు, డబ్బా తీసినా లోపల ఒక గోళీ కూర్చుని ఉండవచ్చు. ఆ సంగతి నేనే ఆమెకు చెప్పాను, తయారీవాళ్ల పుస్తకంలో చదివి. చదివినవాణ్ణి నేను, చేసేది ఆమె. నూరు మిషిన్లలో నూరూ ఖాళీగానే ఉంటాయి. క్లిక్, క్లిక్, క్లిక్. అయినా మూడుసార్లే. రెండు కాదు.

ఆ తర్వాతే మిషిన్ చాటలోకి వస్తుంది. గొట్టంలో మెత్తటి గుడ్డ లాగి రంగు తుడుస్తుంది, తడి బట్టతో ఒకసారి, పొడి బట్టతో ఒకసారి. రబ్బరు రింగును వేలి చివర తిప్పి గాటు పడిందేమో చూస్తుంది. స్ప్రింగు బిగువు తగ్గించి, టోపీ మళ్లీ తొడిగి, గొట్టం కిందికి ఉండేలా గోడ మేకుకు తగిలిస్తుంది. సిలిండర్లు విడిగా, చల్లటి మూల చెక్క పెట్టెలో. వాటిని కొన్నేళ్లకోసారి హైదరాబాద్‌లో పరీక్ష చేయించాలి, ఆ తేదీ సిలిండర్ మెడ మీద కొట్టి ఉంటుంది. అక్కకు ఇంగ్లీషు చదవడం రాదు. నాచేత చదివించి, గడువు దగ్గరపడిన వాటి మెడకు ఎర్ర బీడీ దారం కడుతుంది. ఎర్రదారం ఉన్నదాంట్లో గాలి నింపే ధైర్యం మా దగ్గర ఎవరికీ లేదు, నాతో సహా.

ఇంత చూసినవాణ్ణి, ఇంత మెచ్చుకున్నవాణ్ణి, నేను బుద్ధిగా ఉండాలి కదా. పోయిన చలికాలం ఏం చేశానో చెప్తాను.

ఈ మధ్య పెళ్లికి ముందు ఫొటోలు తీసుకోవడం మా వైపు బాగా పెరిగింది. నిజాంసాగర్ కాలువ గట్లు, గుట్టలు, పొలాలు అన్నీ అయిపోయి మా గ్రౌండు దాకా వచ్చారు. ఒకరోజు పొద్దున బ్యాంకు ఉద్యోగుల బృందం ఆడి వెళ్లింది. కొత్తవాళ్లకు ఎలా పేల్చాలో నేనే ఒక మార్కర్ పట్టుకుని చూపించాను. వాళ్లు పోయీ పోకముందే ఒక జంట, ఫొటోగ్రాఫరు దిగారు. అమ్మాయిది మోస్రా అట, అబ్బాయిది నిజామాబాదే. ఇద్దరూ నవ్వు మొహాలవాళ్లు. రెండు వారాల్లో పెళ్లి. ఒకరి మీద ఒకరు మిషిన్లు గురిపెట్టుకుని, మాస్కులు మెడకు వేలాడేసుకుని ఫొటో కావాలన్నారు. మొహాలు కనపడకపోతే పెళ్లి ఫొటో ఏమిటని ఫొటోగ్రాఫరు వాదన.

అక్క బోరింగు దగ్గర మాస్కులు కడుగుతోంది. ఈ లేత ఎండ పోతే మళ్లీ రాదని ఫొటోగ్రాఫరు తొందరపెడుతున్నాడు. ఆయన తొందర సరే, నాకు నా తొందర ఉండనే ఉంది. ఖాళీ మార్కర్ ఇస్తే ఏమవుతుందిలే అనుకున్నాను. అమ్మాయికి గోడ మీద నుంచి అక్క సర్దిపెట్టిన మిషిన్ ఒకటి ఇచ్చాను. అబ్బాయికి, పొద్దున నేను పేల్చి చూపించి బల్ల మీద పెట్టిందే, సిలిండర్ తిప్పి తీసేసి, డబ్బా ఊడదీసి చేతికిచ్చాను. "ఆ గుడ్డలు తీసెయ్యండి సార్, ఫొటోల మంచిగుండది," అన్నాడు ఫొటోగ్రాఫరు. రెండు గొట్టాల టోపీలూ నా చేత్తోనే తీశాను.

అబ్బాయి మూడడుగుల దూరంలో నిలబడి అమ్మాయి మొహానికి గురిపెట్టాడు. ఆమె ఒక కన్ను మూసి నవ్వుతోంది. వేలు ట్రిగ్గర్ మీద పెట్టమని ఫొటోగ్రాఫరు చెప్తున్నాడు.

"తమ్మీ! మాస్కులు లేకుంట ఎవలికిచ్చినవ్?" అక్క గొంతు. తడి చేతులతో అక్కడినుంచే వస్తోంది.

"ఖాళీయే అక్కా. సిలిండర్ తీసిన, డబ్బా తీసిన."

"ఇసుకల కొట్టినవా?"

కొట్టలేదు. ఆ మాట చెప్పొచ్చు కదా. చెప్పలేదు. బయటివాళ్ల ముందు నన్ను నిలదీస్తుందా అని నాకు కోపం నెత్తికెక్కింది. "రెండు నిమిషాల ఫొటోకు గింత రాద్ధాంతమెందుకు? ఖాళీ జేసిన అంటున్న గద! నా గ్రౌండుల నేనేం జెయ్యాల్నో నువ్వు జెప్తవా?" అన్నాను. అన్నాను కాదు, అరిచాను. 

అక్క నా మొహం కూడా చూడలేదు. అబ్బాయి పక్కకు పోయి, ముందు నుంచి కాదు, పక్క నుంచే పోయి, గొట్టం మీద చెయ్యి వేసి నేలకు వంచింది. "బిడ్డా, ఏలు తియ్యి. ఒక్కపారి గిటియ్యి. మల్ల ఇస్త," అంది. అబ్బాయి నవ్వుతూనే ఇచ్చేశాడు. "అందరు మాస్కులు పెట్టుకోండ్రి," అని, అందరూ పెట్టుకునేదాకా నిలబడింది. నేను పెట్టుకోలేదు. నన్ను చూస్తూ నిలబడింది. పెట్టుకున్నాను. అప్పుడు తనూ మాస్కు దింపుకుని, ఇసుక బస్తా ముందుకు పోయి, గురిపెట్టి నొక్కింది.

ఠప్ మంది.

బస్తా మీద నీలం రంగు చిమ్మింది. రెండోసారి నొక్కితే సన్నగా గాలి వచ్చింది. మూడోసారి ఏమీ రాలేదు.

పొద్దున నేను పేల్చి చూపించినప్పుడు ఇంకో గోళీ గొట్టంలోకి ఎక్కి కూర్చుంది. సిలిండర్ తీసినా, దాన్ని తొయ్యడానికి సరిపడా గాలి లోపలే ఉండిపోయింది. ఇంతే జరిగింది. ఇంతకన్నా వింతేమీ లేదు. అమ్మాయి మెల్లగా పోయి టైరు మీద కూర్చుంది. అబ్బాయి ఆ నీలం మచ్చను చూశాడు, తర్వాత తన చూపుడువేలును చూసుకున్నాడు. పోయి ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. వాళ్లు నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. క్షమించమని అడిగాను. మళ్లీ అడిగాను.

అక్క అమ్మాయి చేతిలోదీ తీసుకుని, రెండు మిషిన్లనూ లోపల చాటలో పెట్టి, చల్లటి నీళ్లు తెచ్చి ముందు అమ్మాయికి ఇచ్చింది. కాసేపటికి వాళ్లే లేచారు. మాస్కులు నిండా పెట్టుకుని, మిషిన్లు లేకుండా, ఇసుక బస్తాల మీద కూర్చుని ఫొటోలు దిగారు. పోయేటప్పుడు ఆ అమ్మాయి అక్క రెండు చేతులూ పట్టుకుంది. వంగి కాళ్లకు మొక్కింది. "గదేంది బిడ్డా, లే లే, సల్లగుండు," అని అక్క ఆమెను లేపి తల నిమిరింది.

వాళ్లు పోయాక గ్రౌండులో మేమిద్దరమే మిగిలాం. అక్క చాట ముందేసుకుని గొట్టాలు తుడుస్తోంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. అడిగాను.

"అక్కా, నేను ఖాళీ జెయ్యలేదని నీకెట్ల తెల్సింది?"

"నాకేం తెల్సు? తెల్వదు."

"మరి గాలి సప్పుడేమన్న ఇనవడ్డదా? సూస్తే అనుమానం కొట్టిందా?"

"లేదు. ఖాళీ జేసిన అన్నవు గద. నమ్మిన."

నాకు అర్థం కాలేదు. "నమ్మితే మల్ల ఎందుకు పోయి తీసుకున్నవు?"

అక్క చేతిలో గుడ్డ ఆపి, ఇంత చిన్న విషయం అడుగుతాడేమిటన్నట్టు నన్ను చూసింది.

"నిన్ను నమ్ముడు వేరే, మిషిన్ ఖాళీ జేసుడు వేరే తమ్మీ. నమ్మిన అని ఇసుకల కొట్టకుంట ఉంటమా?"

అంతమందిలో నేను అరిచినప్పుడు కూడా ఆమె నా మాటను అబద్ధమనుకోలేదు. నన్ను నమ్ముతూనే పోయి ఆ మిషిన్ తీసుకుంది. తిట్టి ఉంటే ఎదురు తిట్టి అంతటితో మరిచిపోయేవాణ్ణేమో. బోరింగు దగ్గరికి పోయి, అక్క కడగడం ఆపి వచ్చిన మాస్కులు అలాగే ఉంటే, కూర్చుని ఒక్కొక్కటీ కడిగాను.